శ్రద్ధ అంటే బుద్ధిగా కూర్చోవడమేనా?

నమస్తే అండీ. "శ్రద్ధగా చదువుకో", "ఒంటి మీద శ్రద్ధ లేదు నీకు" అని రోజూ అంటూనే ఉంటాం కదా, అందుకే పాపకి శ్రద్ధ అని పెడదామనుకుంటున్నాం అనగానే, బుద్ధిగా ఉండమని పెట్టే పేరులా వినిపిస్తుంది. కానీ ఈ పేరు లోపల ఉన్నది అంతకన్నా పెద్ద విషయం, నాకు చాలా ఇష్టమైన విషయం కూడా.

(తెర మీద: శ్రత్ + ధా)

సంస్కృతంలో 'ధా' అంటే పెట్టడం, ఉంచడం. 'శ్రత్' అంటే సత్యం అని మన వైదిక నిఘంటువు చెప్తుంది, అది గుండెకి సంబంధించిన పాత మాట అని ఎక్కువమంది భాషావేత్తలు అంటారు. అంటే గుండెని తీసుకెళ్లి ఒకచోట పెట్టడం, నమ్మి పెట్టడం. లాటిన్‌లో 'నమ్ముతున్నాను' అనే 'క్రేడో' కూడా ఇదే మూలం నుంచి పుట్టింది, మనం రోజూ అనే 'క్రెడిట్' ఆ క్రేడో నుంచి వచ్చిందే. క్రెడిట్‌కి, శ్రద్ధకి చుట్టరికం ఉందన్నమాట!

ఋగ్వేదం 10వ మండలంలో 151వ సూక్తం మొత్తం, దేవతగా పిలిచే ఈ శ్రద్ధకే. 5 మంత్రాలే. పొద్దున్నే శ్రద్ధను పిలుస్తున్నాం, మధ్యాహ్నం పిలుస్తున్నాం, పొద్దు గూకేటప్పుడు పిలుస్తున్నాం అని చెప్పి, ఆఖర్న "ఓ శ్రద్ధా, మాలో శ్రద్ధ కలిగించు" అని అడుగుతారు. ఎంత బాగుందో చూడండి, ఆ గుణాన్నే అమ్మని పిలిచినట్టు పిలవడం!

నన్ను పట్టేసింది మాత్రం కఠోపనిషత్తు. నచికేతుడి తండ్రి యజ్ఞం చేసి ఆవుల్ని దానం ఇస్తుంటాడు. ఎలాంటి ఆవులు? ఇక నీళ్లు తాగలేనివి, గడ్డి మేయలేనివి, పాలు ఎండిపోయినవి. అది చూస్తున్న చిన్న పిల్లాడిలోకి శ్రద్ధ ప్రవేశించింది అంటుంది ఉపనిషత్తు. ఆ తర్వాతే వాడు తండ్రిని నిలదీస్తాడు, యముడి ఇంటి దాకా వెళ్తాడు. ఇక్కడ శ్రద్ధ అంటే నోరు మూసుకుని చెప్పింది వినడం కానే కాదు.

పురాణాల్లో శ్రద్ధ దక్షుడి కూతురు, ధర్ముడి భార్య.

శ్రాద్ధం గుర్తొస్తుందని కొందరు వెనక్కి తగ్గుతారు. శ్రద్ధతో చేసేది కాబట్టే దానికి ఆ పేరు, ఆ మాటే దీని నుంచి పుట్టింది, కాబట్టి ఆ టెన్షన్ అక్కర్లేదు.

(తెర మీద: శ్రద్ధ ✓ శ్రద్ద ✗)

సర్టిఫికెట్‌లో రాయించేటప్పుడు ద కింద వత్తు 'ధ' పడిందో లేదో ఒకసారి చూసుకోండి, ఇందాక చెప్పిన 'పెట్టడం' ఉన్నది ఆ అక్షరంలోనే.