దుప్పి చెవి

శ్రోతలకు నమస్కారం.

గుంటూరులో ఒక పాత కాలేజీ. దాని జువాలజీ మ్యూజియంలో, గాజు బీరువాలో చుక్కల దుప్పి తల ఒకటి ఉండేది. కొమ్ములు బాగానే ఉన్నాయి, గాజు కళ్ళు మెరుస్తూనే ఉన్నాయి. కుడి చెవి మాత్రం కొన దగ్గర చీలి, ఎండిన తమలపాకులా ముడుచుకుపోయింది. పిల్లలు ఆ చెవినే చూసేవాళ్ళు. దాన్ని బాగుచేసే పని నాకొచ్చింది. నల్లమలలో దుప్పిని చూసినవాళ్ళకి తెలుసు, అలికిడి కాగానే ముందు కదిలేవి దాని చెవులే. అవి సరిగ్గా లేకపోతే మిగతాది ఎంత బాగా నిలబెట్టినా ప్రాణం రాదు.

చెవే ఎందుకు ముందు పాడవుతుంది? రెండు పల్చటి తోళ్ళ మధ్య మృదులాస్థి, అంటే వంగే మెత్తటి ఎముకలాంటి రేకు ఒకటి ఉంటుంది. తలని ఇలా నిలబెట్టడానికి దుప్పి తోలు తీసేవాళ్ళు చెవిని లోపలినుంచి, దిండు గలీబు తిరగేసినట్టు, కొనదాకా తిప్పాలి. వెనకవైపు తోలు తేలిగ్గా వస్తుంది. లోపలివైపుది అతుక్కుని ఉంటుంది, చిరుగులు పడేది అక్కడే. చిరుగుతుందేమోనని తిప్పకుండా వదిలేస్తే తోలు చెడకుండా పట్టించే ఉప్పు కొనదాకా అందదు, బాక్టీరియా పట్టి వెంట్రుకలు ఊడిపోతాయి. చిరిగితే కంగారు పడక్కర్లేదు. తడిగా ఉండగానే సన్నని సూదితో, లోపలివైపునుంచి, దగ్గర దగ్గరగా కుట్టేస్తే పైన వెంట్రుకలు కప్పేస్తాయి. తర్వాత మృదులాస్థి తీసేసి, ఆ చోట ప్లాస్టిక్ రేకో గట్టిపడే పుట్టీయో పెడతారు. జిగురు సరిగ్గా పట్టకపోతే ఆరేటప్పుడు తోలు డప్పు మీద చర్మంలా బిగుసుకుని చెవి గుంటలోంచి పైకి లేస్తుంది. చెవి ఆకారమే పోతుంది.

మా మ్యూజియం దుప్పిది అంత తేలికైన కథ కాదు. తోలు దశాబ్దాల పాతది. మొదట నేను చేసిన పొరపాటు ఇప్పటికీ బాధపెడుతుంది. మెత్తబడుతుంది కదా అని తడి దూది చుట్టి రాత్రంతా ఉంచాను. పొద్దున్న చూస్తే కొన దగ్గర గోరంత ముక్క జిగురులా కరిగి చేతికొచ్చింది. మరీ పాతబడిన తోలు నీళ్ళకి తట్టుకోదు. అది తెలుసుకోవడానికి ఒక ముక్క పోగొట్టుకున్నాను.

ఆ తర్వాత నీళ్ళ జోలికి పోలేదు. చీలిక వెనక జపాన్ టిష్యూ పెట్టాను. పల్చగా ఉన్నా నారబలం ఉన్న కాగితం అది. అంటించడానికి అసిటోన్‌లో కరిగే పారలాయిడ్ బి-72 అనే జిగురు వాడాను. రేపెవరైనా ఇంతకంటే బాగా చేయదలిస్తే మళ్ళీ కరిగించి తీసేయొచ్చు. ఎమ్-సీల్ పెడితే ఆ అవకాశం ఉండదు. కొండపల్లి బొమ్మలకి పెట్టే మక్కు కూడా మనసులో మెదిలింది. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి బొమ్మకి చేతులూ చెవులూ అతికిస్తారు, ఎంత నునుపుగా వస్తుందో! కానీ తోలు దగ్గర పిండి పదార్థం పెడితే పురుగుల్ని పిలిచినట్టే. పోయిన కొనను కాగితం పొరలతోనే కట్టి, రంగు వేసి, బీరువా అడుగున రాలిన వెంట్రుకల్ని ట్వీజర్స్‌తో ఏరి, ఒక్కొక్కటే పడుకోబెట్టాను. అరంగుళం మేరకు మూడు మధ్యాహ్నాలు పట్టింది.

ఇంట్లో ఇలాంటి తాతల నాటి జంతువు తల ఏదైనా ఉంటే ఒట్టి చేతులతో ముట్టుకోకండి. ఆ రోజుల్లో తోలు లోపల ఆర్సెనిక్ అనే విషం కలిపిన సబ్బు పూసేవారు. గ్లౌజులు, మాస్కు తప్పనిసరి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి వస్తువుకి యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి. కొత్తగా జంతువుని స్టఫ్ చేయడానికి లైసెన్సు కావాలి. అడవిలో చచ్చిపడిన దుప్పి కూడా ప్రభుత్వ ఆస్తే.

ఇక ఎడమ చెవి. దాని అంచున చిన్న గంటు ఉంది. అదీ పూడ్చేద్దామని భూతద్దం పెట్టి చూశాను. అంచు నునుపుగా ఉంది, చుట్టూ సన్నని వెంట్రుకలు మొలిచి ఉన్నాయి. చచ్చాక చిరిగిన తోలు అంచు అలా ఉండదు. అంటే ఆ గాయం దుప్పి బతికుండగా తగిలింది, బతికుండగానే మానింది. ముల్లుకంపో, మరో మగదుప్పి కొమ్మో. దాన్ని అలాగే వదిలేశాను.