ఐదు డాలర్ల బొంత

శ్రోతలకు నమస్కారం.

బొంతను మనం మడిచి అటక మీద పెడతాం. అమెరికాలో కొన్ని బొంతలను మ్యూజియం గోడకు వేలాడదీసి, గార్డును కాపలా పెడతారు. 2021లో బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో అలాంటి ప్రదర్శనే జరిగింది. హారియట్ పవర్స్ కుట్టిన రెండు బొంతలు మొట్టమొదటిసారి ఒకేచోట కనిపించింది అక్కడే. ఆమె చేతిపనిలో మిగిలినవని తెలిసినవి ఆ రెండే.

హారియట్ 1837లో జార్జియా రాష్ట్రంలో పుట్టారు, బానిసగా. బానిసత్వం పోయాక, 1886లో ఏథెన్స్ ఊళ్లో పత్తి సంత జరిగితే తన బొంతను అక్కడ పెట్టారు. గుడ్డముక్కలను మనుషులుగా, జంతువులుగా కత్తిరించి, పై గుడ్డ మీద అతికి కుట్టిన 11 బైబిల్ ఘట్టాలు. జెన్నీ స్మిత్ అనే డ్రాయింగ్ టీచర్ చూసి ముచ్చటపడి బేరమాడితే, ఎంతిచ్చినా అమ్మనన్నారు హారియట్.

కొన్నేళ్లకు చేతిలో డబ్బాడని రోజులొచ్చాయి. బొంతను శుభ్రమైన పిండిసంచిలో పెట్టి, దానిపై ఇంకో గోనె చుట్టి, ఒళ్లో పెట్టుకుని ఎద్దుబండిలో జెన్నీ గుమ్మం ముందు దిగారు. అడిగింది పది డాలర్లు. జెన్నీ ఇవ్వగలిగింది ఐదు. హారియట్ ఇంటికెళ్లి భర్తతో మాట్లాడితే, ఈ గడ్డురోజుల్లో ఇచ్చేయడమే మేలన్నాడట. ఇచ్చేశారు. ఇచ్చేముందు ఒక్కో గడిలో ఏముందో విడమరిచి చెబితే, జెన్నీ రాసుకున్నారు. ఆ తర్వాత కూడా హారియట్ చాలాసార్లు బొంతను చూసుకోవడానికి వచ్చేవారు. పెళ్లిచేసి పంపిన కూతుర్ని చూడ్డానికి వచ్చినట్టు, అనిపిస్తుంది నాకు. అదిప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియం వారి దగ్గరుంది.

రెండోది బోస్టన్ మ్యూజియందే. నాకు ఇదే ఎక్కువ ఇష్టం. 15 గళ్లలో బైబిల్ పక్కనే ఊళ్లో చెప్పుకునే కబుర్లు కూడా దూరాయి. 1833 నవంబరు 13న ఆకాశం నుంచి చుక్కలు రాలిన రాత్రి ఉంది. హారియట్ అప్పటికి పుట్టనేలేదు! లోకం అంతమైపోతోందని జనం హడలిపోతే, దేవుడి చెయ్యి ఆ చుక్కలను ఆపిందని ఆమె వివరణ.

ఇంకో గడిలో ఓ పంది. జార్జియా నుంచి వర్జీనియా దాకా 500 మైళ్లు పరుగెత్తిందట. అంటే ఉత్తరానికి, బానిసత్వం లేని రాష్ట్రాల వైపు. యజమానుల నుంచి పారిపోయిన బానిసల కథే అది అనేవాళ్లున్నారు. హారియట్ మాత్రం అదేమీ అనలేదు. ఎవరికీ లొంగని పంది అన్నారు, దాని పేరు బెట్స్ అని చెప్పారు. అంతే.

నమస్కారం.