స్కాన్ అయింది, రిపోర్టు ఇంకా రాలేదు: ఈలోగా ఏం జరుగుతోంది?

నమస్కారం. హనుమకొండ నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు స్కాన్ అయిపోయాక రిపోర్టు చేతికి వచ్చేదాకా గడిచే సమయం గురించి చెబుతాను. ఎంజీఎం ఆసుపత్రి దగ్గర కానివ్వండి, నక్కలగుట్టలో కానివ్వండి, స్కానింగ్ సెంటర్ల ముందు కాసేపు నిలబడితే ఆ సమయం ఎంత బరువైనదో తెలుస్తుంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి తెల్లవారకముందే బయలుదేరి, పరగడుపున వచ్చి, స్కాన్ చేయించుకుంటారు. "రిపోర్టుకు సాయంత్రం రండి" అంటారు కౌంటరులో. ఇక అక్కడి నుంచి ఒక్కొక్క గంటా ఒక్కొక్క ఏడాదిలా గడుస్తుంది. ఊరికి చివరి బస్సు దొరుకుతుందో లేదోనన్న దిగులు ఒకవైపు, లోపల ఏం బయటపడిందోనన్న భయం మరోవైపు.

ముందే ఒక మాట గట్టిగా చెప్పేస్తాను. రిపోర్టు ఆలస్యమైందంటే జబ్బు పెద్దదని అర్థం కాదు. త్వరగా వచ్చిందంటే ఏమీ లేదనీ కాదు. ఆలస్యానికి కారణాలు వేరే ఉంటాయి. అవి తెలియకపోవడం వల్లే మనవాళ్లు సగం నలిగిపోతున్నారు.

మొట్టమొదట మనం చేసే పని టెక్నీషియన్ ముఖం చదవడం. ఆయన నవ్వలేదు, ఏదో కనబడి ఉంటుంది. రెండోసారి మిషన్ కిందికి పంపించాడు, ఇంకేదో కనబడి ఉంటుంది. మందు ఎక్కించి మళ్లీ తీశారు, ఇక అయిపోయింది! ఇలా సాగుతుంది ఆలోచన. టెక్నీషియన్ పని బొమ్మలు సరిగ్గా తీయడం. వాటిలో ఏముందో చెప్పే బాధ్యత రేడియాలజిస్టుది. మీరు ఊపిరి బిగబట్టమన్నప్పుడు కొంచెం వదిలినా, ఎంఆర్‌ఐలో కాలు కదిపినా బొమ్మ చెదిరిపోతుంది, మళ్లీ తీయాల్సి వస్తుంది. ఎక్కించే మందు రక్తనాళాలనూ, కణజాలాన్నీ విడివిడిగా చూపించడానికి. చాలాసార్లు అది మీ డాక్టరు ముందే రాసిచ్చినదే, అందుకే కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష కూడా ముందుగా చేయించి ఉంటారు. కాబట్టి ఆ అబ్బాయి ముఖంలో మీ జాతకం వెతకకండి. పొద్దుటి నుంచి నిలబడి పనిచేస్తున్న మనిషి అలసట మాత్రమే అక్కడ దొరుకుతుంది.

మరి లోపల ఏం జరుగుతోంది? 1971 అక్టోబరు 1న లండన్‌లో మొదటిసారి ఒక మనిషి మెదడును సీటీ స్కాన్ తీశారు. ఆ యంత్రం రూపొందించిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో నోబెల్ వచ్చింది. అప్పట్లో ఒక్కొక్క పొరను తీయడానికే నిమిషాలు పట్టేది. ఇప్పుడు ఛాతీ మొత్తం కొన్ని సెకన్లలో అయిపోతుంది. యంత్రం ఎంత వేగం పుంజుకున్నా, బొమ్మలు చూసే మనిషి కన్ను మాత్రం అప్పటిదే. ఒక్క ఛాతీ సీటీలో వందల బొమ్మలుంటాయి. వాటిని ఊపిరితిత్తుల కోసం ఒకసారి, ఎముకల కోసం ఒకసారి, గుండె చుట్టుపక్కల మెత్తటి భాగాల కోసం మరొకసారి, వెలుగునీడలు మార్చి చూడాలి. పాత స్కాన్ ఉంటే పక్కన పెట్టి పోల్చాలి. మధ్యలో రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన వాళ్లో, పక్షవాతం వచ్చిన వాళ్లో వస్తే వాళ్ల బొమ్మలు ముందుకు వెళతాయి, మీవి వెనక్కి జరుగుతాయి. వెళ్లాలి కూడా. చిన్న సెంటర్లయితే బొమ్మలను వేరే ఊళ్లో ఉన్న రేడియాలజిస్టుకు పంపించి రాయించుకుంటారు, అక్కడ మరికొంత సమయం.

సాధారణంగా అల్ట్రాసౌండ్ రిపోర్టు వెంటనే వస్తుంది, ఎందుకంటే డాక్టరే స్వయంగా చేస్తూ చూస్తారు. సీటీ, ఎంఆర్‌ఐ అదే సాయంత్రమో మర్నాడో. పెట్ సీటీకి ఒకటి రెండు రోజులు. ఆ పరీక్షకు దాదాపు ఆరు గంటలు ఏమీ తినకుండా ఉండాలి, ఇంజెక్షన్ ఇచ్చాక గంటసేపు కదలకుండా పడుకోబెడతారు, మందు ఒంట్లో సర్దుకోవడానికి. ఆ గంట కూడా చాలామందికి భయంగా ఉంటుంది, అది మామూలు పద్ధతే.

అన్నిటికన్నా కష్టమైన నిరీక్షణ ముక్క పరీక్షది, అంటే బయాప్సీది. తీసిన ముక్కను చెడిపోకుండా ఫార్మలిన్ అనే మందునీటిలో నానబెట్టాలి. తర్వాత నీరంతా తీసేసి మైనంలో దిమ్మగా చేయాలి. ఆ దిమ్మను మూడు నుంచి ఐదు మైక్రాన్ల మందంలో కోయాలి, అంటే వెంట్రుక మందంలో పదో వంతు కన్నా తక్కువ. గాజు పలకపై పరచి, ఊదా, గులాబీ రంగులు వేస్తేగానీ కణాల రూపం తెలియదు. ఎముక ముక్కయితే ముందు దానిలోని కాల్షియం కరిగించాలి, మరికొన్ని రోజులు. డాక్టరు చూసి ఇది ఏ రకమో ఖాయం చేసుకోవడానికి ఐహెచ్‌సీ, అంటే అదే ముక్క మీద కణాల గుర్తులు పట్టే ప్రత్యేక పరీక్ష, అడిగితే ఇంకొన్ని రోజులు. ఈ ఐహెచ్‌సీ మాట వినగానే ఇళ్లలో ఏడుపులు మొదలవుతాయి. అసలు అది రకం ఖాయం చేసుకుని సరైన మందు ఎంచుకోవడానికి చేసే పరీక్ష. తొందరపడి సగం రిపోర్టుతో వైద్యం మొదలుపెట్టడం కన్నా ఆ నాలుగు రోజులు ఆగడం మేలు. టీబీ కల్చర్ అయితే ఆరు వారాల వరకూ పడుతుంది, క్రిమి పెరగాలి కదా. దాన్ని ఎవరూ తొందరపెట్టలేరు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మెదడులో రక్తస్రావం, ఊపిరితిత్తుల నాళంలో గడ్డకట్టిన రక్తం లాంటివి కనబడితే రేడియాలజిస్టు రిపోర్టు టైపు అయ్యేదాకా ఆగరు, మీ డాక్టరుకు నేరుగా ఫోను చేస్తారు. అలాగని, ఫోను రాలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకుని ఇంట్లో కూర్చోవద్దు. అత్యవసరం కానివి, కానీ పట్టించుకోవాల్సినవి బోలెడు ఉంటాయి. పత్తి ఏరడం అయ్యాక చూద్దాం, పెళ్లి అయ్యాక చూద్దాం అని రిపోర్టును బీరువాలో పెట్టినవాళ్లను నేను చూశాను. చెప్పిన తేదీకి రిపోర్టు రాకపోతే మీరే వెళ్లి అడగండి, ఫోను చేయండి. ఎవరూ ఏమీ అనుకోరు.

సరే, రిపోర్టు వచ్చింది. మనం మొదట ఏం చేస్తాం? ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాం. మేనమామ కొడుక్కి, నర్సింగ్ చదివే మరదలికి, ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరుకు. పది నిమిషాల్లో పది అభిప్రాయాలు. స్కాన్ రిపోర్టు అంటే ఒక డాక్టరు ఇంకో డాక్టరుకు రాసిన ఉత్తరం. మనకోసం రాసింది కాదు కాబట్టి అందులోని భాష మనల్ని భయపెడుతుంది.

ఉదాహరణకు ఊపిరితిత్తిలో ఐదు మిల్లీమీటర్ల నాడ్యూల్, అంటే చిన్న గడ్డలాంటి మచ్చ, అని ఉందనుకోండి. ఫోనులో వెతికితే మొదట వచ్చేది క్యాన్సరే. కానీ ఛాతీ స్కాన్ల నిపుణుల సంఘం ఫ్లైష్నర్ సొసైటీ 2017 మార్గదర్శకాల ప్రకారం, ఆరు మిల్లీమీటర్ల కన్నా చిన్నదైతే, క్యాన్సర్ ముప్పు తక్కువగా ఉన్న మనిషికి మామూలుగా మళ్లీ స్కాన్ కూడా అక్కర్లేదు. అదే బీడీలు తాగే అరవై ఏళ్ల మనిషికైతే, లేదా ఇదివరకే క్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్న మనిషికైతే లెక్క వేరు. చూశారా, బొమ్మ అదే, మనిషిని బట్టి అర్థం మారింది. మన దగ్గర ఎప్పుడో టీబీ వచ్చి మానిపోయిన మచ్చలు ఊపిరితిత్తుల్లో ఉన్నవాళ్లు చాలామంది. కిడ్నీలో మామూలు నీటి బుడగ వయసు పైబడినవాళ్లలో తరచూ కనబడేదే. నడుము ఎంఆర్‌ఐలో డిస్క్ ఉబ్బు (వెన్నుపూసల మధ్య మెత్తటి దిండు ఉబ్బడం) అని రాస్తే ఆపరేషన్ అనుకుంటారు. 2015లో వచ్చిన ఒక సమీక్షలో, ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్లవాళ్లలోనే 30 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి ఆ ఉబ్బు ఉందని తేలింది. రొమ్ము పరీక్షలో ఫలితానికి వేసే బైరాడ్స్ అంకె సున్నా అని వస్తే సంతోషించేవాళ్లూ ఉన్నారు, ఏడ్చేవాళ్లూ ఉన్నారు. సున్నా అంటే ఈ బొమ్మలు చాలలేదు, ఇంకో పరీక్ష కావాలి అని. మంచీ కాదు, చెడూ కాదు. అందుకే చాలా రిపోర్టుల చివర "క్లినికల్ కోరిలేషన్" అని రాస్తారు. రోగిని చూసి, చేత్తో పరీక్షించి, రక్త పరీక్షలతో కలిపి తేల్చమని. ఆ తేల్చేది మీ డాక్టరు. వాట్సాప్ గ్రూపు కాదు.

ఇప్పుడు నా మనసులో అన్నిటికన్నా బరువుగా ఉన్న విషయం. ఆ వెయిటింగ్ హాళ్లలో మళ్లీ మళ్లీ చూసేది ఇదే. తండ్రి బెంచీ మీద కూర్చుని ఉంటాడు, మోకాళ్ల మీద తువ్వాలు. కొడుకు కౌంటరు దగ్గర కవరు తీసుకుని, తండ్రికి వీపు తిప్పి, ఫిల్ములు బయటికి తీయకుండానే చివరి పేజీ మాత్రం లాగి చదువుతాడు. ముఖం మారుతుంది. వెంటనే తుడుచుకుంటాడు.

"ఏముందట కొడుకా?"

"ఏమీ లేదు బాపూ. కొంచెం ఇన్ఫెక్షనట."

డాక్టరు గదిలోకి వెళ్లాక తండ్రి వెనక నిలబడి చెయ్యి ఊపుతాడు, చెప్పవద్దు అని. ప్రేమతోనే చేస్తాడు, ఎవరూ కాదనరు. కానీ ఆ పెద్దాయనకు తెలియదనుకోవడం పొరపాటు. హైదరాబాద్‌లో రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు అక్కడి బోర్డే చెబుతుంది. కూతురు ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడటం చెబుతుంది. అప్పటికి ఆయన ఒంటరిగా భయపడటం మొదలుపెట్టి చాలా రోజులై ఉంటుంది. అడగాలనుకున్నవి అడగలేడు, పొలం ఎవరి పేరున రాయాలో చెప్పలేడు, కీమో ఎందుకు చేయించుకోవాలో అర్థం కాక సగంలో మానేస్తాననవచ్చు. ఒళ్లు ఆయనది. కబురు కూడా ఆయనదే.

అందుకే స్కాన్ అయి రిపోర్టు రాని ఆ సమయంలోనే ఇంట్లో ఒక మాట అనుకోండి. "బాపూ, రేపు డాక్టరు ఏం చెప్పినా నీకు అంతా చెప్పమంటావా, నాతో మాట్లాడమంటావా?" అని అడగండి. కొందరు నాకు చెప్పవద్దు, మీరే చూసుకోండి అంటారు, అదీ వాళ్ల నిర్ణయమే, గౌరవించాలి. అడగకుండా మనమే నిర్ణయించడం మాత్రం వద్దు.

ఆ ఖాళీలో చేయదగిన పనులు మరికొన్ని ఉన్నాయి. పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో సర్దండి. వాడుతున్న మందుల చీటీ, ఏ మందు పడదో రాసిన కాగితం కలిపి పెట్టండి. డాక్టరును అడగాల్సినవి నాలుగు రాసుకోండి: ఇది ఖాయంగా తేలిందా, ఇంకా పరీక్ష కావాలా, ఆగితే ఏమవుతుంది, మళ్లీ ఎప్పుడు రావాలి. గదిలోకి వెళ్లాక భయానికి అన్నీ మరిచిపోతాం, కాగితం మరిచిపోదు. వెంట ఒకరిని తీసుకెళ్లండి, ఇద్దరు విన్నదాంట్లో తేడా ఉంటుంది. రాత్రి నిద్ర పట్టకపోతే రిపోర్టు మాటలు ఫోనులో వెతకడం ఆపండి. భద్రకాళి అమ్మవారికి మొక్కుకుంటే మనసుకు ఊరట దొరికేవాళ్లు మొక్కుకోండి, కానీ అపాయింట్‌మెంటు వాయిదా వేయవద్దు.

సెంటర్ నుంచి బయలుదేరే ముందు ఫిల్ములతో పాటు సీడీ అడిగి తీసుకోండి. ఫిల్ము మీద కొన్ని బొమ్మలే ఉంటాయి, సీడీలో అన్నీ ఉంటాయి. నిమ్స్‌కో, ఎంఎన్‌జేకో వెళితే మొదట అడిగేది అదే, లేకపోతే మళ్లీ స్కాన్, మళ్లీ ఖర్చు, మళ్లీ ఎదురుచూపు. ముక్క పరీక్ష అయితే గాజు పలకలు, మైనం దిమ్మలు కూడా తీసుకెళ్లాలి. రోగి అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లోనే ఉంది. కాబట్టి మొహమాటపడకుండా అడగండి, ఎవరి పేరుతో ఏ తేదీన తీసుకున్నారో కవరు మీద రాసి పెట్టుకోండి.