పుచ్చు వంకాయకి కన్నం ఎందుకుంటుంది? రైతుబజార్ గేటు దగ్గర కాసేపు

(పొద్దున్న ఆరున్నర. రైతుబజార్ గేటు బయట. భుజాన సంచి, చేతిలో ఒక వంకాయ.)

నమస్కారమండి. ఇవాళ్టి వీడియోకి కారణం ఒక బాబాయిగారు. నిన్న నా పక్కనే నిలబడి వంకాయలు ఏరుతున్నారు. ఒక్కో కాయ తీయడం, బంగారం చూసినట్టు చుట్టూ తిప్పడం, కన్నం కనపడితే గుట్ట అవతలికి విసరడం, ఇలా పావుగంట. చివరికి నున్నటివి కిలో ఏరుకుని "చూశావా, ఒక్క పుచ్చు లేదు" అని నావైపు తిరిగారు. పెద్దాయన కదా, ఏమీ అనలేక నవ్వి ఊరుకున్నా. రాత్రంతా అదే బుర్రలో తిరుగుతోంది, అందుకే కెమెరా పట్టుకొచ్చా.

(వంకాయ దగ్గరగా.)

ఈ కన్నం చూడండి. పురుగు ఇందులోంచి లోపలికి దూరిందనే కదా అనుకుంటాం? కాదండి, ఇది బయటికి పోయిన దారి. దీన్ని కాయ తొలిచే పురుగు అంటారు. తల్లి ఓ చిన్న రెక్కల పురుగు, ఆకుల మీద, మొగ్గల మీద గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల దారప్పోగంత ఉంటుంది, కాయ పిందెగా ఉన్నప్పుడే తొడిమ దగ్గర దూరిపోతుంది. కాయ పెరిగేకొద్దీ ఆ రంధ్రం మానిపోతుంది. ఇక లోపల కూర్చుని తిని, బలిసి, ఇంత కన్నం పెట్టుకుని బయటికొచ్చి నేలలో గూడు కట్టుకుంటుంది.

అంటే అద్దెకున్నవాడు ఇల్లు ఖాళీ చేసి, తలుపు తీసి పెట్టి వెళ్లిపోయాడన్నమాట. బాబాయిగారు విసిరేసినవి చాలావరకు ఖాళీ ఇళ్లు. ఏరుకున్న నున్నటి వాటిలో ఒకరిద్దరు లోపల తలుపేసుకుని ఇంకా భోంచేస్తూ ఉండొచ్చు! ఖాళీ ఇల్లు కొనమని నేననడం లేదు, లోపలంతా మసి చేసే పోతాడు వాడు. కానీ కన్నం లేదు కాబట్టి పురుగు లేదు అనే లెక్క మాత్రం తప్పు.

మరి ఎలా ఏరాలి అంటారా? తొడిమ పచ్చగా ఉండాలి, దాని మీద ముళ్లు వేలికి గుచ్చుకోవాలి. నిన్నో ఇవాళో కోసిన కాయ అని అదే చెప్తుంది. తోలు మెరవాలి, నొక్కితే గట్టిగా ఉండాలి. తొడిమ కింద సూదిమొనంత మచ్చ ఉంటే పక్కన పెట్టండి. మిగతాది ఇంట్లోనే తేలుతుంది, గుత్తి వంకాయకి నాలుగు పక్షాలు కోస్తాం కదా, అప్పుడు విప్పి చూసుకోవడమే.

ఇంకో మాట, ఇది నా కోపం అనుకోండి. మచ్చ లేని కాయే కావాలని మనం పట్టుబడితే రైతు ఏం చేస్తాడు? మందు కొడతాడు. ఇలాంటి అద్దెదారుడి కోసం వంగతోటకి కొట్టినన్ని మందులు చాలా కూరగాయలకి కొట్టరు. ఈ పురుగే దూరి వాలిపోయిన కొమ్మల చివర్లు తుంచి పారేసేవాళ్లు, మగ పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల కాయల్లో పదింటికొకటి పుచ్చు వచ్చిందని గొడవ పెట్టుకోకండి.

(గేటు లోపలికి నడుస్తూ.)

ఇప్పుడు ఎవరి దగ్గర కొనాలి. రైతుబజార్లు మొదలైంది 1999 జనవరి 26న, దళారీ లేకుండా పండించినవాడే అమ్ముకోవాలని. అందుకే రైతులకి ఫోటోతో గుర్తింపు కార్డులిస్తారు. మళ్లీ అద్దె ఇంటి లెక్కలోకే వస్తున్నా. సొంతిల్లు ఉన్నవాడు ఒకే ఇల్లు చూపిస్తాడు, బ్రోకర్ పది చూపిస్తాడు. ముందర రెండు మూడు రకాలే పోసుకుని, కాయలు ఒకటి పెద్దది ఒకటి చిన్నది ఉన్నాయంటే చాలావరకు సొంత తోటే. ఒకే చోట వంకాయ, క్యారెట్, బంగాళాదుంప, క్యాప్సికం వరసగా పేర్చి ఉంటే అవి మన గోదావరి డెల్టాలో ఒకే చేలో ఎలా పండుతాయండీ? అమ్మడం నేరమని కాదు, ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ బయటినుంచి రావాల్సిందే. "మా తోటవే" అంటే మాత్రం నమ్మకండి.

నేను కొనే అక్కకి అవతల గోదావరి మధ్య లంకలో అరెకరం వంగతోట. మన పల్లం భూములన్నీ సార్వా, దాళ్వా అని ఏడాదికి రెండు పంటల వరికే సరిపోతాయి, కూరగాయలు ఎక్కువ లంకల్లోనే. అందుకే ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకి 10 లక్షల ఘనపుటడుగుల నీళ్లు, దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే మనం గోదావరి చూడ్డానికి వెళ్తాం, ఆ అక్క తోట చూసుకోడానికి పరిగెడుతుంది. 13 లక్షలకి రెండో హెచ్చరిక, 17 లక్షలకి మూడోది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. అలాంటప్పుడు వంకాయ ధర చూసి "దోచుకుంటున్నారు" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వరద తీశాక అదే ఒండ్రు మీద వేసిన తోటలు చలికాలంలో విరగకాస్తాయి, అప్పుడు చవగ్గా తిన్నది కూడా గుర్తుండాలి కదా.

అయ్యో, బ్యాటరీ ఎర్రగా వస్తోంది. గబగబా చెప్పేస్తా. ధరల బోర్డు: హోల్‌సేల్ కంటే కాస్త పైన, బయట చిల్లర ధర కంటే కింద ఉండేలా రోజూ పొద్దున్నే రాస్తారు. దాని మీద ఎక్కువ అడిగితే అక్కడే ఎస్టేట్ ఆఫీసర్ ఉంటారు, చెప్పండి. దానికంటే తక్కువకి బేరమాడకండి, రెండు రూపాయలకి పరువు పోతుంది. ఆనపకాయని గోరుతో గుచ్చొద్దు, ఆ గాటు నల్లబడితే తర్వాత ఎవరూ కొనరు. లేతకాయకి పైన సన్నటి నూగు ఉంటుంది, అది చూడండి. ఇంటికెళ్లి కోశాక చిన్నముక్క నోట్లో వేసుకుని చేదుగా ఉంటే కాయంతా పారేయండి, మొహమాటం వద్దు. బెండకాయ చివర్లు విరిచి విరిచినవి అక్కడే వదిలేసేవాళ్లకి వేరే వీడియో ఉంది. చిల్లర తెచ్చుకోండి. కార్తీకమాసంలో అయితే ఇంకో గంట ముందే రండి, ఊరంతా కూరగాయల మీదే పడుతుంది.

కంద, బచ్చలి గురించి చెప్దామనుకున్నా, ఇక కుదరదు. అదిగో అక్క తట్ట దించుతోంది, బాబాయిగారు నాకంటే ముందే అక్కడ ఉన్నారు!