ఈ రాత్రి నేను ఏ ఇంట్లో పడుకుంటాను?

సభకు వచ్చిన ఉపాధ్యాయులకు, అంగన్‌వాడీ టీచర్లకు, ఊళ్లలో పంచాయితీలకు పెద్దమనుషులుగా కూర్చునేవారికి, తోటి న్యాయవాదులకు నమస్కారం.

నల్లగొండ కోర్టుల్లో ఇరవై ఏళ్లుగా భార్యాభర్తల కేసులు చూస్తున్నాను. కొంతకాలంగా మధ్యవర్తిగా కూడా కూర్చుంటున్నాను. విడాకుల కాగితం మీద పెట్టే శ్రద్ధలో నాలుగో వంతు కూడా పిల్లల కాగితం మీద పెట్టకపోవడం ఇన్నేళ్లుగా నన్ను బాధిస్తున్న విషయం. బంగారం ఎన్ని తులాలు, సామాను ఎవరిది, భరణం ఒక్కసారేనా నెలనెలానా అన్న లెక్కలకు నాలుగైదు పేజీలు నిండుతాయి. పిల్లల దగ్గరికి వచ్చేసరికి ‘బాబు తల్లి వద్ద ఉండును, తండ్రి అప్పుడప్పుడు వచ్చి చూసి పోవచ్చును’ అన్న ఒక్క వాక్యంతో ముగుస్తుంది. ఆ ‘అప్పుడప్పుడు’ అన్న మాటలోంచే తర్వాతి నాలుగైదేళ్ల కొట్లాటలు పుడతాయి. తండ్రి ఆదివారం పొద్దున వస్తే ఇంటికి తాళం ఉంటుంది, తల్లి సాయంత్రందాకా ఎదురుచూస్తే పిల్లవాడు రాత్రి తొమ్మిదికి వస్తాడు, ఇద్దరూ మళ్లీ పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతారు.

తల్లిదండ్రులు విడిపోయినప్పుడు పిల్లలు ఎవరి దగ్గర ఎప్పుడు ఉండాలో రాసుకునే పత్రాన్ని కోర్టు భాషలో పేరెంటింగ్ ప్లాన్ అంటారు. నేను పిల్లల కాగితం అంటాను. దానికి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. తొమ్మిదేళ్ల పిల్ల ఆ కాగితం చేతిలోకి తీసుకుని, ఈ రాత్రి నేను ఏ ఇంట్లో పడుకుంటాను, రేపు బడికి నన్ను ఎవరు తీసుకుపోతారు, దసరాకు నేను ఎక్కడ ఉంటాను అన్న మూడు ప్రశ్నలకు తనంతట తాను జవాబు చూసుకోగలగాలి. లాయర్లకు మాత్రమే అర్థమయ్యే కాగితం కోర్టు ఫైలులో ఉంటుంది కానీ పిల్ల మనసులోని భయాన్ని తీర్చదు.

ముందుగా చట్టం సంగతి చెబుతాను. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, అంటే మైనర్ పిల్లల సంరక్షకుల గురించిన చట్టం, మతంతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తిస్తుంది. హిందువులకు దానితోపాటు 1956 నాటి హిందూ మైనారిటీ (అంటే మైనరుతనం), గార్డియన్‌షిప్ చట్టం ఉంది. పిల్లల సంక్షేమమే అన్నిటికంటే ముఖ్యమని అందులోని 13వ సెక్షన్ చెబుతుంది. విడాకుల కేసు నడుస్తుండగానే పిల్లల సంరక్షణ, చదువు, ఖర్చుల మీద ఉత్తర్వు తీసుకోవడానికి 1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 26వ సెక్షన్ దారి చూపుతుంది, పరిస్థితులు మారితే ఆ ఉత్తర్వును మార్పించుకోవచ్చు కూడా. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల నుంచి, చెంచు పెంటల (గూడేల) నుంచి వచ్చే షెడ్యూల్డు తెగలవారికి, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, ఈ 1955, 1956 చట్టాలు వర్తించవని వాటిలోనే రాసి ఉంది కాబట్టి, వారు 1890 చట్టం కిందికి రావడమే నేరైన దారి. తల్లిదండ్రులిద్దరి ఉమ్మడి సంరక్షణను చట్టంలో చేర్చాలని, పేరెంటింగ్ ప్లాన్‌కు చోటు కల్పించాలని లా కమిషన్ 2015 మే నెలలో ఇచ్చిన 257వ నివేదికలో సిఫారసు చేసింది. అది చట్టంగా మారకపోయినా, ఇద్దరూ ఒప్పుకుని రాసుకొచ్చిన పత్రం పిల్లలకు మేలు చేసేదిగా ఉంటే దాన్ని ఉత్తర్వులో చేర్చడానికి కోర్టుకు ఇప్పుడున్న చట్టాలే చాలు.

మన ఊళ్లలో బాగా పాతుకుపోయిన అపోహ ఒకటుంది. ‘ఐదేళ్లు నిండితే పిల్లవాడు తండ్రికే’ అంటారు. 1956 చట్టం చెప్పింది ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర ఉండాలని మాత్రమే. ఐదో పుట్టినరోజు మరునాడు బిడ్డను మరో ఇంటికి పంపాలని ఏ చట్టంలోనూ లేదు. ఆ తర్వాత కూడా కోర్టు చూసేది బిడ్డ మేలునే. ఊహ తెలిసిన పిల్లలైతే వారి ఇష్టాన్ని కూడా అడుగుతుంది.

పెద్దమనుషులకు నాదొక మనవి. మీ ముందు రాసుకున్న కాగితానికి ఊళ్లో ఎంతో విలువ ఉంటుంది, కాదనను. చాలా ఇళ్లలో తగవు ఎక్కువ కాకుండా ఆపింది మీరే. అయితే అది కోర్టు డిక్రీ కాదు, రేపు ఒకరు మాట తప్పితే దాన్ని అమలు చేయించే మార్గం ఉండదు. అదే ఒప్పందాన్ని పరస్పర అంగీకార విడాకుల దరఖాస్తులో చేర్చినా, లోక్ అదాలత్‌లో అవార్డుగా, అంటే తీర్పుగా, తీసుకున్నా దానికి డిక్రీ బలం వస్తుంది. జిల్లా న్యాయసేవా సంస్థలో మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసహాయం ఉచితం. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఇంకో మాట. ‘ఇక మీదట బిడ్డకు తండ్రితో ఎటువంటి సంబంధం లేదు, ఖర్చులు అడగరాదు’ అని దయచేసి రాయించకండి. బిడ్డకు రావలసిన పోషణను తల్లి సంతకం చేసి వదిలేయలేదు, ఎందుకంటే అది తల్లి సొత్తు కాదు. అలాగే నెల డబ్బు రాలేదని తండ్రిని చూడనివ్వకపోవడం, చూడనివ్వలేదని డబ్బు ఆపేయడం రెండూ తప్పే. ఆ రెండింటినీ కాగితంలో వేరువేరు పేరాల్లో రాయాలి.

కొట్టే మనిషి, తాగి బిడ్డ మీదికి వచ్చే మనిషి ఉన్న ఇంటికి నేను చెప్పబోయేదేదీ వర్తించదు. గృహహింస చట్టం, 2005లోని 21వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు బిడ్డను తాత్కాలికంగా తల్లికి అప్పగించవచ్చు, హాని జరుగుతుందనుకుంటే చూడడానికి అనుమతిని నిరాకరించాలి. అక్కడ సర్దుకుపొమ్మనడం పెద్దరికం కాదు.

ఇక క్యాలెండరు సంగతి. చంటిబిడ్డ తండ్రిని నెలకొకసారి రోజంతా చూడడం కంటే వారానికి రెండుమూడు సార్లు గంటసేపు చూడడం మేలు. ఆ వయసులో బిడ్డ ముఖాలను గుర్తుపెట్టుకునేది తరచూ చూడడం వల్లనే. మూడేళ్లు దాటాక, అలవాటైన ఇల్లయితే, ఒక రాత్రి ఉంచుకోవడం మొదలుపెట్టవచ్చు. బడి ఈడు పిల్లలకు మన దగ్గర ‘వారం విడిచి వారం’ అని రాస్తారు. నా అనుభవంలో అది మంచి రాత కాదు. మధ్యలో సెలవులు వచ్చి పోగానే ఇప్పుడు ఎవరి వారం అన్న తగవు మొదలవుతుంది. ‘ప్రతి నెలా రెండో శనివారం, నాలుగో శనివారం పొద్దున తొమ్మిది నుంచి ఆదివారం సాయంత్రం ఆరు వరకు’ అని రాస్తే గోడ మీది క్యాలెండరే సాక్ష్యం. రెండో శనివారం బడికి సెలవు కాబట్టి ప్రయాణానికీ వీలు. నాలుగో శనివారం బడి ఉంటే బడి వదిలిన తర్వాత అని రాయాలి. ఐదు శనివారాలున్న నెలలో మూడు వారాల ఎడం వస్తుంది, ఆ మధ్యలో ఒక సాయంత్రం కలిసేలా ముందే రాసుకోవచ్చు. పదో తరగతికి వచ్చిన పిల్లల విషయంలో మాత్రం పట్టికను వారితో కలిసి కూర్చుని వేయాలి. స్పెషల్ క్లాసు, స్నేహితులు, నిద్ర అన్నీ ఉన్న మనిషిని సామానులాగా మార్చలేము.

పండుగల విషయంలో మనకు మన ఆచారమే ఒక దారి చూపుతున్నది. ఒక ఏడు నీకు, ఒక ఏడు నాకు అని పంచుకోవడం పుస్తకాల పద్ధతి. మన దగ్గర ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా బతుకమ్మ, ఆ వెంటనే దసరా ఒకే సెలవుల్లో వస్తాయి. ఒక కేసులో పిల్ల బతుకమ్మ రోజులన్నీ తల్లిగారి ఊళ్లో ఉండి, దసరా నాడు పొద్దున తండ్రి ఊరికి వెళ్లి, సాయంత్రం నాయనమ్మ, తాతల చేతుల్లో జమ్మి పెట్టి దండం పెట్టుకునేలా రాశాము. ఎవరికీ పండుగ పోలేదు. కురుమూర్తి జాతరకు, చెరువుగట్టు జాతరకు ఏటా తీసుకుపోయే ఇల్లు ఏదైతే ఆ రోజులు ఆ ఇంటికి ఇవ్వాలి. వేసవి సెలవులను మాత్రం సగం సగం చేసి, ఏ తేదీన మారాలో ఏప్రిల్ మొదటి వారంలోనే రాతపూర్వకంగా చెప్పుకోవాలి.

పాలమూరు వైపు, ముఖ్యంగా నారాయణపేట, మక్తల్ పల్లెల నుంచి ముంబై, పుణె పనులకు పోయే తండ్రులకు శనివారాల పట్టిక పనికిరాదు. వారు ఊరికి వచ్చేది పండుగలకు, పెళ్లిళ్లకు. అటువంటి చోట ‘ఊరికి వచ్చే వారం రోజుల ముందు తెలపాలి, వచ్చినన్ని రోజుల్లో సగం రాత్రులు బిడ్డ నాయనమ్మ ఇంట్లో ఉండాలి’ అని రాసి, మిగతా ఏడాదంతా ఫోన్ మీద ఆధారపడాలి. బిడ్డ తన దగ్గర లేని తల్లికో తండ్రికో, ప్రత్యేక కారణాలు లేకపోతే, రోజూ ఐదు పది నిమిషాలు బిడ్డతో మాట్లాడే హక్కు ఉండాలని, వీలైతే అది వీడియో కాల్ కావాలని సుప్రీంకోర్టు 2020లో యశిత సాహు కేసు తీర్పులో చెప్పింది. దానికి సమయం రాయండి, రాత్రి ఏడున్నర అనుకుందాం. స్పీకర్ పెట్టి ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చోవద్దని కూడా రాయండి. వింటున్న చెవులు ఎన్నో పిల్లలకు తెలుస్తుంది, వారు ‘ఆఁ, తిన్న’ అని ఫోన్ పెట్టేస్తారు.

గురుకులంలో చదివే పిల్లలకు రెండిళ్ల మధ్య మూడో ఇల్లు ఉంటుంది. ఐదో తరగతి నుంచే పిల్లలు అక్కడ ఉంటారు కాబట్టి, కలిసే రోజున ఎవరు రావాలి, ఔటింగ్‌కు ఎవరి సంతకం చెల్లుతుంది, సెలవులకు గేటు దగ్గర ఎవరికి అప్పగించాలి అన్నది కాగితంలో ఉండి, దాని జిరాక్సు ప్రిన్సిపాల్ దగ్గర ఉండాలి. లేకపోతే ఆ నిర్ణయభారం పాపం వార్డెన్ మీద పడుతుంది.

నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది అప్పగింత గురించి. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారే ఆ పది నిమిషాలు సరిగా జరగకపోతే ఎన్ని రోజులు రాసుకున్నా వృథా. ఒకసారి నల్లగొండ బస్టాండులో ఒక తండ్రి, ఎనిమిదేళ్ల కొడుకు బస్సు కోసం కూర్చుని ఉండగా చూశాను, ఆ కేసు నాకు తెలిసినదే. పిల్లవాని ఒంటి మీద ఇంకా మడత పోని కొత్త అంగీ ఉంది. మిర్యాలగూడ బస్సు ప్లాట్‌ఫారం మీదికి వస్తుండగానే వాడు ఎవరూ చెప్పకుండా ఆ అంగీ గుండీలు విప్పి, మోకాళ్ల మీద పెట్టుకుని జాగ్రత్తగా మడతపెట్టి, తండ్రి సంచిలో పెట్టేసి, తన సంచిలోంచి పాత అంగీ తీసి తొడుక్కున్నాడు. తండ్రి ఎందుకురా అని అడిగితే, ‘ఆడ అమ్మమ్మ అడుగుతది, ఎవలు కొన్నరని’ అన్నాడు. వాని ముఖంలో కోపం లేదు, ఏడుపు లేదు. అలవాటైన పని చేస్తున్నట్టు చేశాడు. ఎనిమిదేళ్లకే రెండిళ్లకు రెండు వేషాలు వాడు నేర్చుకున్నాడు.

ఆ రోజు నుంచి నేను రాసే ప్రతి కాగితంలో ‘బిడ్డకు ఎవరు కొన్న వస్తువైనా అది బిడ్డదే, రెండు ఇళ్లలోనూ వాడుకోవచ్చు’ అన్న వాక్యం ఉంటుంది. దానితోపాటు అప్పగించే చోటు, గంట, మనిషి పేరు రాస్తాను. బస్సు ఆలస్యమైతే ఫోన్ చేసి అరగంట ఆగాలని, రాలేకపోతే ఆ రోజుకు బదులు ఏ రోజో అప్పుడే ఖాయం చేసుకోవాలని రాస్తాను. రెండిళ్ల పెద్దల మధ్య మాట పడని చోట, ఇల్లు వదిలి, బడినే అప్పగింత చోటుగా పెడతాను. శుక్రవారం తల్లి బడికి పంపుతుంది, సాయంత్రం తండ్రి బడి దగ్గరే తీసుకుంటాడు, ఇద్దరూ ఎదురుపడే అవసరమే ఉండదు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు కాబట్టి, చార్జీలు లేక బిడ్డను తీసుకురాలేకపోయాననే మాట తల్లుల నుంచి ఇప్పుడు తక్కువగా వింటున్నాను. జ్వరం వస్తే పంపకుండా ఉండే సాకు కాకుండా, మందుల చీటీతో సహా పంపాలా, లేక కలవవలసినవారే వచ్చి దవాఖానాకు తీసుకుపోవాలా అన్నది ముందే తేల్చుకోవాలి. జనన ధృవపత్రం, ఆధార్ అసలువి ఒక ఇంట్లో, నకళ్లు రెండో ఇంట్లో ఉండాలి. ఐదేళ్లకు, పదిహేనేళ్లకు వేలిముద్రలు మార్పించే బాధ్యత ఎవరిదో కూడా రాయాలి, చిన్న విషయమే అయినా బడిలో చేర్చే వేళ పెద్ద తగవవుతుంది.

ఉపాధ్యాయులు అడుగుతుంటారు, మేము ఎవరి మాట వినాలి అని. కోర్టు ఉత్తర్వు నకలు అడిగి తీసుకోండి, అందులో ఉన్నట్టు చేయండి. బిడ్డ మార్కులను, ఆరోగ్యాన్ని మాత్రం ఇద్దరికీ చెప్పండి. ‘మీ అమ్మ వచ్చిందా, మీ నాన్న వచ్చాడా’ అని తరగతిలో అందరి ముందు అడగకండి.

ఈ మధ్య ఒక జంట కాగితం పూర్తయిన తర్వాత, ఇద్దరి అనుమతితో, దాన్ని వారి పిల్లకు ఇచ్చాను. నాలుగో తరగతి. వేలు పెట్టి ఒక్కొక్క వరుస చదివింది. శనివారాలు, దసరా, వేసవి, ఫోను వేళ అన్నీ అయ్యాక తల ఎత్తి, ‘మరి నా సైకిల్ ఏ ఇంట్ల ఉంటది?’ అని అడిగింది. తల్లి, తండ్రి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ గదిలోకి వచ్చిన తర్వాత వాళ్లు అట్లా చూసుకోవడం అదే మొదటిసారి. తల్లి ఉండేది మేడ మీది అద్దె గది కాబట్టి సైకిల్ నాయనమ్మ ఇంట్లో ఉంటుందని, జూన్‌లో బడులు తెరిచే ముందు ఏటా ముగ్గురూ కూర్చుని ఈ కాగితం మళ్లీ చదువుకోవాలని రెండు వరుసలు చేర్చి, ఆ పేజీ మళ్లీ టైపు చేయించి సంతకాలు తీసుకున్నాము.