గింజకి తోక వచ్చిన వారం

వేదిక మీదున్న పెద్దలకి, తోటి టీచర్లకి, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకి నమస్కారం.

ఒకటి, రెండు తరగతుల్లో వారం రోజులపాటు ఎలాంటి కృత్యాలు చేయించాలో మాట్లాడమని నన్ను పిలిచారు. కృత్యాల జాబితాలు మీ అందరి దగ్గరా ఉంటాయి. కాబట్టి ఇంకో జాబితా చదవను. ఒకటో తరగతిలో నేను నడిపిన ఒక వారం గురించి చెబుతాను. చిన్నపిల్లలకి రోజుకో కొత్త విషయం అక్కర్లేదు, ఒకే విషయం రోజుకో రూపంలో వాళ్ళ ముందుకి మళ్ళీ మళ్ళీ రావాలి. ఇది నేను గట్టిగా నమ్మే మాట.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను దీనికి పూర్తిగా విరుద్ధంగా చేశాను. సోమవారం రంగు కాగితాలతో పువ్వులు, మంగళవారం జంతువుల ముసుగులు, బుధవారం బొమ్మ గడియారం. రోజూ రాత్రి పదింటిదాకా కూర్చుని అన్నీ కత్తిరించి పెట్టుకునేదాన్ని. తరగతి గోడలు నిండిపోయాయి. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. శుక్రవారం మధ్యాహ్నం పిల్లల్ని అడిగాను, "ఈ వారం మనం ఏం నేర్చుకున్నాం?" అని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ముందు వరసలో ఒక బాబు చెయ్యెత్తి "జిగురు" అన్నాడు.

వాడు నిజమే చెప్పాడు. వారమంతా వాడి చేతులు, కళ్ళు, మనసు అన్నీ ఆ జిగురు మీదే ఉన్నాయి. కాగితం జారకుండా అంటించడమే వాడి పని అయింది. గడియారంలో ముల్లు ఎందుకు తిరుగుతుందో ఆలోచించే తీరిక నేనే వాడికి ఇవ్వలేదు. చేతులకి పని ఉంటే చదువు దానంతట అదే వస్తుందనుకున్నాను. అలా రాదు. పిల్లవాడు దేని గురించి ఆలోచిస్తాడో అదే వాడికి గుర్తుంటుంది.

హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన జ్ఞాపకశక్తిని తానే పరీక్షించుకుని 1885లో ఆ ఫలితాలు ప్రచురించాడు. నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదట్లోనే, చాలా వేగంగా మర్చిపోతాం. అదే విషయాన్ని ఒకే రోజు పదిసార్లు వల్లించడం కన్నా కొన్ని రోజులకి పంచుకుని తిరిగి చూస్తే బాగా నిలుస్తుంది. పెద్దవాళ్ళ సంగతే అలా ఉంటే, ఆరేళ్ళ పిల్లలకి సోమవారం చెప్పింది మంగళవారం మళ్ళీ ఎత్తకపోతే ఏం మిగులుతుంది?

ఇక ఆ వారానికి వస్తాను. సోమవారం మూడు గాజు గ్లాసులు, దూది, త్వరగా మొలిచే చిక్కుడు జాతి గింజలు తెచ్చాను. ఒక గ్లాసులో తడిదూది, ఇంకోదాంట్లో పొడిదూది. మూడోది కూడా తడిదే, కానీ దాన్ని అట్టపెట్టెలో పెట్టి మూసేశాం. గ్లాసుకి ఏడు గింజలు. వేసే ముందు ఒక్కో గింజ ఒక్కో పిల్లవాడి అరచేతిలో పెట్టి, బొమ్మ గీయమన్నాను. "ఇది విత్తనం, దీనికి పొట్టు ఉంటుంది, లోపల పప్పు ఉంటుంది" అని నేను ముందుగా ఏమీ చెప్పలేదు. ఒక పాప గింజని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. ఇంకొకడు గోటితో గీకి, "ఇక్కడ చిన్న మచ్చ ఉంది టీచర్" అన్నాడు. గింజ కాయకి అతుక్కుని ఉన్న చోటది. పాతికేళ్ళుగా గింజలు చూస్తున్న నాకు ఆ మచ్చ గురించి పిల్లలకి చెప్పాలని ఎప్పుడూ తోచలేదు.

తర్వాత అడిగాను, "ఏ గ్లాసులో మొలుస్తుంది?" అని. అడిగి ఊరుకున్నాను. ఇక్కడ కొంచెం ఆగాలి. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు టీచర్లు ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతారో లెక్కపెట్టారు. చాలామంది ఒక్క సెకను కూడా ఆగరు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయి, మామూలుగా నోరు విప్పనివాళ్ళు కూడా మాట్లాడతారు. మీరూ ప్రయత్నించి చూడండి, తరగతిలో మూడు సెకన్లు మౌనంగా ఉండడం ఎంత కష్టమో తెలుస్తుంది. నేను మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుంటాను. ఆ రోజు దాదాపు అందరూ తేల్చేశారు, చీకట్లో మొలవదని. కిటికీ పక్కన కూర్చునే పాప మాత్రం ఏమీ అనలేదు. ఆ పాప అసలు మాట్లాడేదే చాలా తక్కువ.

మంగళవారం గింజలు ఉబ్బాయి. నేను గోడకి పెద్ద కాగితం అంటించి, పిల్లలు ఏం చెబితే అది రాశాను. "గింజ లావైంది." "చొక్కా ముడతలు పడింది." బుధవారం పొద్దున్నే బ్యాగులు కూడా దించకుండా గ్లాసుల దగ్గరికి పరిగెత్తారు. "టీచర్, గింజకి తోక వచ్చింది!" అదీ రాశాను. అది తోక కాదు, వేరు అని అప్పటికప్పుడు దిద్దలేదు. ఈ విషయంలో నాతో విభేదించే టీచర్లు ఉన్నారు. తప్పు రాయించకూడదంటారు. కానీ పిల్లవాడు తన నోటితో అన్న వాక్యం కాగితం మీదకి వచ్చినప్పుడు చదవడం అంటే ఏమిటో వాడికి మొదటిసారి తెలుస్తుంది. నా మాట అక్కడ ఉంది, రేపు వచ్చినా ఉంటుంది, ఎవరు చూసినా అదే చదువుతారు. దీన్ని మించిన తొలిపాఠం నాకు తెలీదు. గురువారం ఆ "తోక" కిందికి తిరిగి సన్నటి నూగు వేసుకుంది. అప్పుడు "వేరు" అన్న మాట చెప్పాను. వెంటనే పట్టేసుకున్నారు, ఎందుకంటే ఆ మాట వచ్చేసరికి దాని తాలూకు వస్తువు వాళ్ళ కళ్ళ ముందే ఉంది.

అక్షరాల పని కూడా ఆ కాగితం మీదే జరిగింది. "గింజ"లో గుడి ఉంది, సున్న ఉంది. "వేరు"లో ఏత్వం, కొమ్ము. "మొలక"లో ఒత్వం. "వచ్చింది"లో చ కింద చ వత్తు. వర్ణమాల అంతా అయ్యాక గుణింతాలు, గుణింతాలన్నీ అయ్యాక వత్తులు, అవన్నీ పూర్తయ్యాకే వాక్యం అనే వరసలో వెళితే, తెలుగు చదివే పిల్లవాడు అర్థమున్న మాట చదవడానికి నెలల తరబడి కాచుకోవాలి. వరసగా నేర్పొద్దని నేను అనడం లేదు. గుణింతం బాగా రావాల్సిందే, రోజూ పది నిమిషాలు దానికి కేటాయిస్తాను. కానీ నేర్చుకున్న గుర్తు అదే రోజు ఒక మాటలో కనబడాలి. "ఈ కాగితంలో గుడి ఎక్కడెక్కడ ఉంది?" అంటే ఇద్దరిద్దరుగా వెళ్ళి వేలు పెట్టి చూపిస్తారు. అక్కడే చదువుతారు కూడా.

బుధవారం లెక్కలు. "సోమవారం మొత్తం ఎన్ని గింజలు వేశాం? పలక మీద రాయండి" అన్నాను. మూడు గ్లాసులు, ఏడేసి. వేళ్ళు మడిచి, తెరిచి, చాలామంది "ఇరవై ఒకటి" అన్నారు. పలకలు చూస్తే నలుగురైదుగురు 201 అని రాశారు.

చిన్న తరగతులు చెప్పినవాళ్ళందరూ ఈ 201ని చూసే ఉంటారు. దీన్ని అజాగ్రత్త అనుకుని ఎర్రగీత కొట్టేయకండి. పిల్లవాడు విన్నది విన్నట్టు రాశాడు. ఇరవై విన్నాడు, 20 వేశాడు. ఒకటి విన్నాడు, పక్కన 1 వేశాడు. వాడి లెక్కలో లోపం లేదు, అంకె కూర్చున్న చోటుని బట్టి దాని విలువ మారుతుందన్న సంగతి ఇంకా అందలేదు, అంతే. దానికి నేను రెండు పనులు చేస్తాను. పుల్లలు పదేసి కట్టలు కట్టి, రెండు కట్టలు, ఒక విడిపుల్ల ముందు పెడతాను. తర్వాత 20 అని రాసిన పొడుగు కార్డు, 1 అని రాసిన చిన్న కార్డు ఇస్తాను. చిన్న కార్డుని సున్నా మీద పెట్టమంటాను. సున్నా కిందికి వెళ్ళిపోయి 21 కనబడుతుంది. కార్డు ఎత్తితే మళ్ళీ 20. ఆ రోజు 201 రాసిన ఒకడు ఆ కార్డుని ఎత్తుతూ, దించుతూ ఎన్నిసార్లు చూసుకున్నాడో! ఆఖరికి ఎవరూ చెప్పకుండానే పలక తుడుచుకున్నాడు.

ఇంకొకటి కూడా చేసి చూడండి. ఏడు గింజలు ఒక వరసలో, వాటికి ఎదురుగా ఇంకో ఏడు. రెండూ సమానం అని పిల్లలే చెబుతారు. వాళ్ళు చూస్తుండగానే ఒక వరసలో గింజల్ని దూరం దూరంగా జరపండి. ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయి అంటే, చాలామంది పొడుగు వరసనే చూపిస్తారు. స్విట్జర్లాండ్‌కి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే ఈ సంగతిని దశాబ్దాల కిందటే గుర్తించాడు. ఆరేడేళ్ళ వయసు దాకా చాలామంది పిల్లలు వరస పొడవుని చూసే తేలుస్తారు. వందదాకా గడగడా చెప్పగలిగే పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు. అంకెలు వరసగా చెప్పడం వేరు, "ఏడు" అంటే ఎలా పరిచినా ఏడే అని తెలియడం వేరు. ఆ రెండోది వచ్చిందో లేదో చూడకుండా కూడికలు మొదలుపెడితే, తర్వాత రెండేళ్ళు ఆ పిల్లవాడూ మనమూ టెన్షన్ పడాల్సిందే.

వేరు పొడవు స్కేలుతో కొలవలేదు. రోజూ వేరు ఎంతుందో అంత కాగితం ముక్క కత్తిరించి, ఆ రోజు పేరు కింద నిలువుగా అంటించాం. బుధవారం గోరంత. గురువారం ఇంకాస్త. సోమ, మంగళవారాల దగ్గర ఖాళీ. "అక్కడ అంటించడానికి ఏం లేదు టీచర్" అంది ఒక పాప. "అయితే అక్కడ ఎంత?" అన్నాను. ఆలోచించి, "సున్నా" అంది. పేరు చెప్పకుండానే ఆ తరగతి తన మొదటి గ్రాఫు గీసుకుంది.

గురువారం ఎక్కువ బయటే గడిపాం. పిల్లలు గింజల్లా ముడుచుకున్నారు, వేర్లు చాపారు, లేచారు. సోమవారం చెప్పిన కథే మళ్ళీ చెప్పించాను. ఆ రోజు గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు. కానీ నీళ్ళ సంగతి ఒకటుంది. అంతకు ముందు ఏడాది ఒక బాబు ప్రేమకొద్దీ గ్లాసు నిండా నీళ్ళు పోసేశాడు. గింజలు కుళ్ళి వాసన వచ్చాయి. నేను వాణ్ణి కసురుకున్నాను. గింజకి నీళ్ళతోపాటు గాలి కూడా కావాలి, నీళ్ళలో మునిగిపోతే దానికి ఊపిరి అందదు. ఎంత మంచి పాఠాన్ని వాడు నా ముందు పెట్టాడు! నేను కోపంతో దాన్ని పారబోశాను. ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఇప్పుడైతే ఒక గ్లాసు కావాలనే ముంచి ఉంచుతాను.

శుక్రవారం కొత్తది ఏదీ మొదలుపెట్టను. సోమవారం గీసిన బొమ్మ ఇచ్చి, పక్కనే ఈ రోజుది గీయమంటాను. గోడ మీద వాక్యాలు ఒక్కొక్కరూ చదువుతారు. వాళ్ళు గీస్తున్నంతసేపూ నేను పుస్తకం పట్టుకుని తిరుగుతాను. ఎవరు వేలు పెట్టి లెక్కిస్తున్నారు, ఎవరికి గుడికీ కొమ్ముకీ తేడా తెలియడం లేదు, ఎవరు పక్కవాళ్ళ మాటే తిరిగి చెబుతున్నారు, పేరుకో ముక్క రాసుకుంటాను. నా మటుకు నాకు పరీక్ష కన్నా ఇదే ఎక్కువ చెబుతుంది. వచ్చే సోమవారం ఎవరి పక్కన కూర్చోవాలో ఆ ముక్కలే తేలుస్తాయి.

ఆ శుక్రవారం అట్టపెట్టె తెరిచాం. చీకట్లో గింజలూ మొలిచాయి. తరగతంతా గోల. కొందరు నేను రాత్రి లైటు వేశానన్నారు. పొడిదూది గ్లాసులో మాత్రం ఏమీ కాలేదు. "అయితే మొలవడానికి ఏది తప్పనిసరి?" అంటే "నీళ్ళు" అని అరిచారు. పెట్టె మూసేస్తుంటే ఒకడు అడిగాడు, "ఇంకా చీకట్లోనే ఉంచితే ఏమవుద్ది టీచర్?" జవాబు చెప్పలేదు. అందరికీ చీటీలు ఇచ్చి, ఎవరికి తోచింది వాళ్ళని రాయమన్నాను, రాయలేనివాళ్ళని బొమ్మ వేయమన్నాను. చచ్చిపోద్ది అని కొందరు, పువ్వు పూస్తది అని ఒకరు రాశారు. చీటీలన్నీ పెట్టె మూత మీద అంటించాం.

కిటికీ పక్కన పాప చీటీలో వంకర అక్షరాలతో "తెల్లగ అయితది" అని ఉంది. ఎలా తెలుసమ్మా అని అడిగాను. చాలాసేపు ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను.

"ఇటుక కింద గడ్డి తెల్లగ ఉంటది" అంది.

సోమవారం పెట్టె తెరిచాం. మొలకలు పొడుగ్గా సాగి, తెల్లగా పాలిపోయి ఉన్నాయి.