పెన్సిల్ కంటే ముందు భుజం

శ్రోతలందరికీ నమస్కారం.

సాయంత్రం ఆరు దాటితే శ్రీకాకుళంలో అయినా, విజయనగరంలో అయినా, పలాస పక్క పల్లెలో అయినా చాలా ఇళ్లలో ఒకటే మాట వినిపిస్తుంది. "గీత దాటకు. గుండ్రంగా రాయి. అలా కాదు, ఇలా పట్టుకో." నాలుగు గీతల కాపీ పుస్తకం ముందు కళ్ల నిండా నీళ్లతో ఒక బిడ్డ, పక్కన టెన్షన్ పడుతూ ఒక అమ్మ. ఈ రోజు నేను ఆ అమ్మతో మాట్లాడదామని వచ్చాను. ఆ నాన్నతో, ఆ మామ్మతో, ఆ టీచరు గారితో కూడా.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. బొత్తాం పెట్టుకోవడం, ముద్ద కలుపుకోవడం, మెట్లు దిగడం, రాయడం, ఇలా పిల్లలు తమ పనులు తాము చేసుకోవడానికి కావలసిన కదలికలు నేర్పించడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "మేడమ్, ఏ పెన్సిల్ గ్రిప్ కొనమంటారు?" పెన్సిల్‌కి తొడిగే రబ్బరు తొడుగు అది. కొంతమంది పిల్లలకి నిజంగా పనికొస్తుంది కూడా. కానీ నేను పెన్సిల్ దగ్గరికి చివర్లో వస్తాను. ముందు భుజం చూస్తాను.

అవును, ముందు భుజం. పొట్ట, వీపు కండరాలు బిడ్డని నిటారుగా కూర్చోబెట్టాలి. అప్పుడు భుజం నిలుస్తుంది. భుజం నిలిస్తే మోచెయ్యి, మోచెయ్యి నిలిస్తే మణికట్టు, మణికట్టు నిలిస్తేనే వేళ్లు కదులుతాయి. కూర్చోవడానికే అవస్థ పడుతున్న బిడ్డ ఒక చేతిని బల్లకి ఆనించి, తలని ఆ చేతికి ఆనించి రాస్తాడు. మనం దాన్ని బద్ధకం అంటాం. అది బద్ధకం కాదండీ, అలసట.

ఇంకో సంగతి. మన మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలుగా ఉండవు, మెత్తని మృదులాస్థిగా ఉంటాయి. ఒక్కొక్కటే ఎముకగా మారడం మొదలై, ఆరేడేళ్ల వయసుకి చాలావాటిలో ఆ మార్పు మొదలైపోతుంది. ఆకారాలు గీయడానికి కూడా ఒక వరస ఉంది. మూడేళ్లకి బిడ్డ గుండ్రం చుడుతుంది. నాలుగేళ్లకి కూడిక గుర్తు గీస్తుంది. చతురస్రం ఆ తర్వాత, త్రిభుజం ఐదు దాటాక. ఏటవాలు గీత నిలువు గీత, అడ్డ గీతల కన్నా ఆలస్యం. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఏ, కే, ఎక్స్ చూడండి, అన్నిటిలోనూ ఏటవాలు గీతలున్నాయి. మన తెలుగు అక్షరానికి గుండ్రం కావాలి. సున్నా చుట్టగలిగిన చేతికి ర, గ, ట తొందరగానే అందుతాయి. అ, ఇ, ఋ అలా కాదు, ఒకే అక్షరంలో చెయ్యి చాలాసార్లు దిక్కు మార్చుకోవాలి. మూడేళ్ల బిడ్డ చేత రోజూ రెండేసి పేజీలు రాయించే పద్ధతి నాకు నచ్చదు. ఆ వయసు ఇసకలో ఆడుకునే వయసు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన ఒక బాబు గురించి చెబుతాను. పేరు చెప్పను.

రెండో తరగతి. ఊరు పొందూరు దగ్గర. అమ్మానాన్నలు పనుల కోసం హైదరాబాద్ వలస వెళ్లారు, బిల్డింగ్ పని. బాబు మామ్మ దగ్గర పెరుగుతున్నాడు. మామ్మ ఖద్దరు నూలు వడుకుతుంది. ఆవిడే వాణ్ణి చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చింది. కూర్చోగానే అన్న మాట ఇది: "తల్లీ, మా గుంటడికి బుర్ర బాగానే ఉంది. నోటితో అన్నీ సెప్పేస్తాడు. సెయ్యే కుదర్దు."

పుస్తకం చూశాను. ప్రతి పేజీకీ చిల్లులు. వాడు అంత గట్టిగా నొక్కి రాస్తాడు. రోజుకి పెన్సిల్ ముక్కు ఎన్నిసార్లు విరుగుతుందో లెక్క లేదు. అక్షరాలు గీత పైకి ఎగురుతాయి, కిందకి జారుతాయి. నాలుగు లైన్లు రాసేసరికి చెయ్యి విదిలించుకుంటాడు. బళ్లో వాడికి పెట్టిన పేరు 'కోడిగీతలు'. ఆ మాట మామ్మ చెబుతుంటే వాడు గోడ వైపు తిరిగిపోయాడు.

నేను పెన్సిల్ ఇవ్వలేదు. "నువ్వు తోపుడు బండివి, నేను తోస్తాను" అని వాడి రెండు కాళ్లూ పట్టుకుని పైకి ఎత్తి, చేతులతో నడవమన్నాను. నాలుగు అడుగులు కూడా వెయ్యలేదు, మోచేతులు మడతపడి ముందుకి కూలిపోయాడు. గోడకి కాగితం అంటించి బొమ్మ గీయమంటే చెయ్యి పైకెత్తి నిలపలేక, రెండో చేత్తో దాన్ని పట్టుకున్నాడు. తర్వాత కళ్లు మూసుకోమని, ఒక వేలు ముట్టుకుని, ఏ వేలో చెప్పమన్నాను. తడబడ్డాడు. అప్పుడు తెలిసింది, వాడు పేజీకి ఎందుకు చిల్లులు పెడుతున్నాడో. వేళ్లకి పెన్సిల్ ఉన్నట్టు సరిగ్గా తెలియడం లేదు. తెలియక గట్టిగా పట్టుకుంటున్నాడు, గట్టిగా నొక్కుతున్నాడు. భుజంలో బలం లేదు, వేళ్లకి కబురు లేదు. అలాంటి చేతికి కాపీ పుస్తకం ఇచ్చి రాయమంటున్నాం మనం.

మా దగ్గర పెద్ద థెరపీ బంతి ఉంటుంది. దాని మీద బోర్లా పడుకోబెట్టి, చేతుల మీద బరువు వేయిస్తాం. వేళ్లతో పిసకడానికి థెరపీ పుట్టీ అని సాగే ముద్ద ఉంటుంది. పట్టకార్లు, పూసలు, వాలు బల్ల, ఇలాంటివి చాలా ఉంటాయి. అవన్నీ చూపిస్తుంటే మామ్మ అడిగింది, "ఇవన్నీ నాను ఎక్కడ తేనమ్మా?" న్యాయమైన ప్రశ్న. వారానికి ఒకసారి నా దగ్గరికి రావడమే ఆవిడకి ఒక పూట కూలి పోయినట్టు. మిగతా రోజుల సంగతి ఏమిటి?

అప్పుడు నేను ఆవిడ చేతుల వైపు చూశాను. పొందూరు ఖద్దరు గురించి మీకు తెలిసే ఉంటుంది. దూదిని వేళ్లతో విడదీసి నలకలు ఏరతారు. వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకి సన్నటి పళ్లుంటాయి, అదే దువ్వెన. గింజ తీసి, దూది ఏకి, రాట్నం మీద నూలు తీస్తారు. ఆ నూలు తీసేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు ఎలా కదులుతాయో ఎప్పుడైనా చూశారా? అవే మూడు వేళ్లు. పెన్సిల్ పట్టుకునే మూడు వేళ్లు. ఎంత గట్టిగా పట్టాలో, ఎక్కడ వదలాలో ఆ వేళ్లకి తెలియాలి, లేకపోతే దారం తెగిపోతుంది. నా పుట్టీ నేర్పాల్సిన విద్య ఆవిడ ఇంట్లోనే ఉంది.

"మామ్మ గారూ, మీ పక్కన వీణ్ణి కూర్చోబెట్టుకోండి" అన్నాను. చేప దవడ వద్దు, పళ్లు గుచ్చుకుంటాయి. నలకలు ఏరడం వాడి పని. దూదిని వేళ్ల కొసలతో సన్నగా విడదీయడం వాడి పని. దూదిని నొక్కి లాగితే ఉండ కడుతుంది, మెల్లగా లాగితే విచ్చుకుంటుంది. వాడు ఎంత గట్టిగా పట్టుకున్నాడో ఎవరూ చెప్పక్కర్లేదు, దూదే చెబుతుంది. ఇది వేళ్లకి. భుజానికేమో, చిన్న బకెట్‌తో నీళ్లు మోయడం, చేతుల మీద తోపుడు బండి నడక, ఇంకా వాడికి బాగా నచ్చిన ఆట ఒకటి. గోడకి సున్నం వేసే పాత కుంచె, చెంబుడు నీళ్లు. ఆ నీళ్లతో పెరటి గోడ మీద పెద్ద పెద్ద సున్నాలు చుట్టడం. ఎండకి ఆరిపోతాయి, మళ్లీ చుట్టడం. అక్కడ తప్పు రాయడం అనేది లేదు, చెరపడం అనేది లేదు.

బళ్లో టీచరు గారితో కూడా మాట్లాడాను. మంచి మనిషి. కొన్నాళ్లు కాపీ రాత తగ్గించి, జవాబులు నోటితో చెప్పించుకున్నారు. తర్వాత పలక ఇచ్చాం, ఆ తర్వాతే పెన్సిల్. సంక్రాంతి వెళ్లాక వాడి పుస్తకంలో చిల్లులు తగ్గాయి. వేసవి సెలవుల లోపు తన పేరు, ఊరు పేరు గీత మీద రాశాడు. ఇప్పటికీ నెమ్మదిగానే రాస్తాడు. పరీక్షలో వాడికి సమయం ఎక్కువ కావాలి. అది ఉన్నమాట. కానీ గోడ వైపు తిరగడం మానేశాడు.

ప్రతి ఇంట్లోనూ రాట్నం ఉండదు. పర్వాలేదు. చపాతీ పిండి ఉంటుంది, పిసకనివ్వండి. బట్టల క్లిప్పులు ఉంటాయి, తాడుకి పెట్టనివ్వండి, తీయనివ్వండి. చింతపిక్కలు, వామనగుంటల పీట ఉంటే అంతకన్నా మంచి పనిముట్టు నా గదిలో లేదు. నాలుగు పిక్కలు గుప్పిట్లో దాచుకుని, ఒక్కొక్కటే వేళ్ల కొసకి తెచ్చి గుంటలో వెయ్యడం చిన్న విద్య కాదు. మూడేళ్ల లోపు పిల్లలకి మాత్రం పిక్కలు, పూసలు ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. అక్షరాభ్యాసం రోజు పళ్లెంలో బియ్యం పోసి వేలితో రాయించాం కదా, ఆ పళ్లెం మళ్లీ తీయండి. బియ్యం కదిలినప్పుడు ఆ అక్షరం దారి వేలికి గుర్తుంటుంది.

సమయం దగ్గర పడుతోంది. మిగతావన్నీ మర్చిపోయినా సరే, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పలక, బలపం ముక్క.

బలపాన్ని విరవండి. అంగుళం, అంగుళంన్నర పొడవు ముక్క. కొత్త బలపం ఎందుకు విరిచారని ఇంట్లో అంటారు, విరవండి. పొడుగు బలపాన్ని బిడ్డ గుప్పిటతో పట్టుకోగలడు. చిన్న ముక్కని గుప్పిటతో పట్టుకోలేడు, చోటే ఉండదు. వేళ్ల కొసలే రావాలి. మూడు వేళ్లు ఎలా పెట్టాలో మీరు చెప్పక్కర్లేదు. ఇక పలకని ఒళ్లో పెట్టొద్దు. గోడకి మేకు కొట్టి, బిడ్డ కళ్ల ఎత్తులో కదలకుండా తగిలించండి. నిలువుగా ఉన్నదాని మీద రాస్తే మణికట్టు తనంతట తానే వెనక్కి వంగుతుంది, రాతకి కావలసిన వంపు అదే. భుజం కూడా పనిచేస్తుంది. ముందు పెద్ద సున్నాలు, తర్వాత అక్షరాలు. పది నిమిషాలు చాలు. చిన్న బలపం, నిలువు పలక. మళ్లీ చెబుతున్నాను, చిన్న బలపం, నిలువు పలక. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి మాత్రం ఆ ముక్క వద్దు.

పుస్తకంలో రాసేటప్పుడు కాళ్లు గాలిలో వేలాడకూడదు, కింద ఒక పీట వెయ్యండి. మూడు వేళ్ల పట్టే రావాలని పట్టుబట్టకండి. నాలుగు వేళ్లతో పట్టుకునే పిల్లలు కూడా అంత వేగంగానూ, అంత స్పష్టంగానూ రాయగలరని పరిశోధనల్లో తేలింది. నొప్పి లేకుండా, వేళ్లు కదులుతుంటే చాలు. ఎడమ చేతి వాటం ఉన్న బిడ్డ చెయ్యి మార్చకండి, దయచేసి మార్చకండి. కాగితాన్ని కొంచెం ఎడమకి జరిపి, పై అంచు కుడివైపుకి వాలేలా పెడితే సరిపోతుంది.

ఇంట్లో చేసేవి సరిపోని పిల్లలు కూడా ఉంటారు. కదలికలు కుదుర్చుకోవడంలో ఇబ్బంది బడి వయసు పిల్లల్లో వందకి 5, 6 మందిలో కనిపిస్తుంది. ఏడాది నిండకుండానే ఒక చేతినే వాడుతూ రెండో చేతిని వదిలేస్తున్నా, వచ్చిన పని రాకుండా పోతున్నా, ఐదేళ్లు దాటినా కూడిక గుర్తు చూసి గీయలేకపోతున్నా ఆగకండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల వరకు పరీక్ష చేసి, అవసరమైతే జిల్లా స్థాయి కేంద్రానికి పంపుతారు. అంగన్‌వాడీలో గానీ, ఆశా కార్యకర్తని గానీ అడగండి. బడి పిల్లలైతే సమగ్ర శిక్ష పథకం కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల గురించి హెడ్మాస్టరు గారిని అడగండి. రాతలో ఉండే ఇబ్బంది, డిస్‌గ్రాఫియా, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన అభ్యసన లోపాల్లో ఒకటి.

అలా వెళ్లేటప్పుడు బిడ్డ నోటు పుస్తకం వెంట తీసుకెళ్లండి. బాగా రాసిన పేజీ, బాగా రాయని పేజీ రెండూ చూపించండి. ఎన్ని లైన్లు రాశాక చెయ్యి నొప్పి అంటున్నాడో, బొత్తాలు తనే పెట్టుకుంటున్నాడో లేదో ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. అక్కడ అడిగే మొదటి ప్రశ్నలు అవే.

నమస్కారం.